రంగులు చేత్తో వేయకండి, కంట్రోల్ టీ కొట్టండి

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లిస్టులో వరస విడిచి వరసకి చేత్తో రంగు వేశాను, సార్ట్ చేయగానే అంతా కలగాపులగం అయింది అన్నారు కదా, అది మామూలేనండి, ఎక్సెల్‌లో సెల్‌తో పాటు దాని రంగూ కదిలిపోతుంది. ముందు మొత్తం సెలెక్ట్ చేసి, రంగు డబ్బా బొమ్మలో 'నో ఫిల్' కొట్టండి. ఇది మర్చిపోతే పాత రంగు కొత్తదాన్ని కప్పేస్తుంది, నేనోసారి అరగంట జుట్టు పీక్కున్నాను. తర్వాత డేటాలో ఏదో ఒక సెల్ మీద క్లిక్ చేసి కంట్రోల్ టీ కొట్టండి, హెడర్స్ (పై వరసలోని శీర్షికలు) ఉన్నాయన్న టిక్ చూసుకుని ఓకే అంటే, డేటా వరస విడిచి వరసకి రంగు చారలున్న టేబుల్‌గా మారుతుంది. ఇక సార్ట్ చేసినా, బాకీ ఉన్న ఫ్లాట్లనే ఫిల్టర్ చేసినా చారలు వాటంతటవే సర్దుకుంటాయి. టేబుల్ స్టైల్ మాత్రం లేత రంగుదే తీసుకోండి, ముదురుదైతే నలుపు తెలుపు ప్రింటులో అంకెలు కనబడి చావవు. గూగుల్ షీట్స్‌లో అయితే ఫార్మాట్ మెనూలో 'ఆల్టర్నేటింగ్ కలర్స్' నొక్కితే చాలు.