తిరుపతిలో పాత చిన్న సినిమా హాళ్లు ఎలా నడిచేవి, ఎందుకు పోయాయి?

మీరు అడిగింది స్టేషన్, బస్టాండు చుట్టుపక్కల ఒకప్పుడుండిన చిన్న హాళ్ల గురించి కదా. నేను చెప్పగలిగింది మా నాయన ఆపరేటరుగా పనిచేసిన హాలు గురించే. పేరు రాయను, ఓనరు వాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

నేల, బెంచీ, కుర్చీ, పైన చిన్న బాల్కనీ. పెద్ద హీరో సినిమా మొదటి వారం మాకు వచ్చిన పాపాన పోలేదు. వేరే హాళ్లలో అరిగిపోయిన ప్రింటే వచ్చేది, గీతలతో సహా. అయినా సెకండ్ షో నిండేది, ఎక్కువగా కొండ దిగొచ్చిన వాళ్లతో. రైలేమో అర్ధరాత్రి దాటాక. లాడ్జీకి డబ్బులెందుకు దండగ? టికెట్ కొంటే మూడు గంటలు ఫ్యాన్ కింద కూర్చోవచ్చు. లడ్డూల సంచీ ఒళ్లో పెట్టుకుని హాయిగా గురక పెట్టేవాళ్లు. సగం మంది తమిళం వాళ్లే కాబట్టి మా గేట్‌కీపర్ టార్చిలైటు ఊపుతూ "ఉక్కారుంగ సామీ" (కూర్చోండి సామీ) అనేవాడు.

నాయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్లి ఆపరేటర్ రూము కంతలోంచి చూసేవాణ్ణి. కింద వరసగా బోడిగుండ్లు, వాటికి గంధం. తెర మీద తెల్లటి సీను వస్తే అన్నీ ఒక్కసారిగా మెరిసేవి. సినిమాల పేర్లు సగం మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు.

మెషిన్లు రెండు. వెలుగంతా రెండు కార్బన్ కడ్డీల మధ్య పుట్టే మంటదే. కడ్డీలు కాలేకొద్దీ దగ్గరికి జరుపుతుండాలి, ఏమరితే బొమ్మ మసకబారుతుంది. 1000 అడుగుల రీలు 11 నిమిషాలు. అది అయిపోయే ముందు తెర పైన కుడి మూలలో చిన్న చుక్క పడుతుంది, అప్పుడు రెండో మెషిన్ మోటారు వేయాలి. ఇంకో చుక్క పడగానే దాంట్లోకి మార్చేయాలి. టీవీలో పాత సినిమా వస్తే ఇప్పటికీ నా కన్ను ఆ మూలకే పోతుంది.

ఒక్కోసారి ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడేది. అక్కడ అయిపోయిన రీళ్లు సైకిల్ మీద ఇక్కడికి రావాలి. ఒకరోజు రైల్వే గేటు పడి కుర్రాడు అవతలే చిక్కుకున్నాడు. నాయన "అంతరాయానికి చింతిస్తున్నాము" స్లైడు వేసి చెమటలు తుడుచుకుంటున్నాడు, కింద బెంచీలు బాదుతున్నారు. ఒక బోడిగుండాయన లేచి, "రీలు రాకుంటే పోనీ, ఫ్యాన్లు మాత్రం ఆపొద్దు సామీ" అని అరిచాడు.

ఇక ఎందుకు పోయాయంటే, టీవీ దెబ్బ కొంత నిజమే. డిజిటల్ వచ్చాక ప్రింట్లు ఆగిపోయి, డిజిటల్ ప్రొజెక్టర్ అద్దె హాళ్ల మీద పడింది. మిగిలినవాటిని 2020 మార్చి లాక్‌డౌన్, 2021 ఏప్రిల్‌లో టికెట్ రేట్లకు కళ్లెం వేసిన జీవో 35 కుదిపేశాయి. రేట్లు మళ్లీ పెంచింది 2022 మార్చిలో. మా హాలు మాత్రం ఇవన్నీ రాకముందే పోయింది, స్థలం వల్ల. స్టేషన్ దగ్గర అంత జాగాలో రూములు కడితే ఏడాది పొడుగునా యాత్రికులే. ఓనరును తప్పు పట్టలేను, నేనైనా అదే చేసుందును.

ఆ జాగాలో ఇప్పుడు లాడ్జీ ఉంది. మొన్న చుట్టాలకు అక్కడే రూము తీసుకున్నాం. నాయన కూడా వచ్చి, రెండో అంతస్తు వరండాలో కాసేపు అటూ ఇటూ చూసి, "బాత్రూము దగ్గర ఉండేదిరా మన మెషిను" అన్నాడు.