ఎనిమిది రోజుల డబ్బుతో బీచ్ క్లబ్బుకా?

ప్రశ్న: నెల్లూరులో రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఉద్యోగిని. ఇన్సెంటివ్‌తో కలిపి నెలకు 42,000 వస్తుంది. ఇంటి ఖర్చు 30,000, లక్ష రూపాయల చీటీకి 5,000. పదో పెళ్లిరోజుకు పిల్లలిద్దరితో చెన్నై తీరం వెంట ఉన్న ఈసీఆర్ రోడ్డులో ఒక ఖరీదైన బీచ్ క్లబ్బులో రోజంతా గడిపి, రాత్రికి అక్కడే ఉండాలని కోరిక. 60,000 అవుతుంది. లోన్ యాప్ వెంటనే ఇస్తానంటోంది. చీటీ పాడటం మేలా? బ్యాంకులో 8,000 ఉన్నాయి.

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ 8,000 దగ్గరే ఆగిపోయాను. రోజుకు వెయ్యి ఖర్చయ్యే ఇంట్లో అది ఎనిమిది రోజుల డబ్బు. పైగా మీది రొయ్య మీద ఆధారపడిన జీతం. 2025 ఆగస్టు 27న మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువుగట్ల మీద ఎంత కంగారో మీకు నేను చెప్పాలా? ధర పడితే రైతు పంట తగ్గిస్తాడు, మేత బాకీలు నిలిచిపోతాయి, మొదట కోత పడేది మీ ఇన్సెంటివ్‌కే. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 1,80,000 విడిగా ఉండాలి.

ఇక ఆ యాప్. ఏడాదికి 30 శాతం వడ్డీ అనుకున్నా 12 నెలల పాటు నెలకు దాదాపు 5,850 కట్టాలి. వడ్డీయే 10,000 దాటుతుంది, ప్రాసెసింగ్ రుసుము వేరే. ‘వెంటనే’ అన్న మాటకు మనవాళ్లు ఎందుకింత లొంగిపోతారో! చీటీ ఇప్పుడే ఎక్కువ తగ్గింపుకు పాడటమూ అప్పే. ఆగి తీసుకుని, పైన చెప్పిన ఆరు నెలల ఖర్చు నిధిలో వేయండి.

మీకు దగ్గర్లోని మైపాడు బీచ్‌కి వెళ్లి రండని మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లను. ఆ 5,850 మీరే దాచుకోండి. నాలుగు నెలల్లో మీ 8,000తో కలిపి ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. అంతవరకు బీచ్ పేరుతో రూపాయి తీయవద్దు. తర్వాతి నాలుగు నెలల 23,400 క్లబ్బుకు, ఆపై మళ్లీ నిధికే. గది వద్దు, ఆదివారం వద్దు, పొద్దున్నే రైలెక్కండి. ప్రవేశ రుసుములో ఎంత తిండికి సర్దుబాటు చేస్తారో, పిల్లలను రానిస్తారో లేదో ముందే అడగండి. సర్వీస్ ఛార్జీ తప్పనిసరి కాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. బిల్లులో కనిపిస్తే తీసేయమనండి.

కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతది తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిపై జీఎస్టీ కూడా లేదు.

పెళ్లిరోజు ఎప్పుడో రాయలేదు. ఎనిమిది నెలల్లోపే అయితే ఈసారి ఇంట్లో పాయసం, క్లబ్బు పదకొండోదానికి.