మధ్యాహ్నం రెండు తర్వాతి స్పానిష్

ప్రశ్న: స్పానిష్ నేర్చుకోవడానికి జులైలో నాలుగు వారాలు స్పెయిన్‌లోని సలమాంకా వెళ్తున్నాను. ఏ2 స్థాయి (ఆరు మెట్లలో రెండోది) పూర్తయింది. చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటేనే టెన్షన్. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా క్లాసు. బస ఒక స్థానిక కుటుంబంతో. నాతో వస్తున్న ఫ్రెండు ఇద్దరం ఒకే గదిలో ఉందామంటోంది. ఈ నెల వృథా కాకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు గది సంగతి తేల్చేద్దాం. ఒకే గది వద్దు, ఒకే ఇల్లు కూడా వద్దు. మీ స్నేహం మీద నాకేం కోపం లేదమ్మా. రోజంతా పరాయి భాషతో అలసిపోయి ఉన్నప్పుడు పక్కన తెలుగు మనిషి ఉంటే ఎవరైనా తెలుగే మాట్లాడతారు. ఆదివారం కలుసుకోండి, తనివితీరా తెలుగు మాట్లాడుకోండి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోండి.

క్లాసు గురించి పెద్దగా ఆలోచించకండి, అది దాని మానాన నడుస్తుంది. అక్కడ మీ పక్కన కూర్చునేవాళ్ళు మీలాగే నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. బ్రేక్ ఇవ్వగానే అందరూ ఇంగ్లీషులోకి జారిపోతారు. ఒంటిగంటకి వాళ్ళు కాఫీకి పిలుస్తారు, తర్వాత సాయంత్రం, తర్వాత రాత్రి. అలా నెల గడిచిపోతుంది. నా విద్యార్థుల్లో స్పానిష్ రాకుండా తిరిగొచ్చినవాళ్ళు ఎక్కువమంది ఇలా వచ్చినవాళ్ళే.

మీ అసలు పాఠం భోజనాల బల్ల దగ్గర ఉంది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు మధ్య, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. తిన్న వెంటనే లేవరు, కూర్చుని కబుర్లాడతారు. దీన్ని సోబ్రెమేసా అంటారు. కంచం ఖాళీ కాగానే గదిలోకి పరిగెత్తకండి. అర్థం కాకపోయినా కూర్చోండి, గిన్నెలు తుడవడంలో సాయం చేయండి. చేతికి పని ఉంటే నోటికి భయం తగ్గుతుంది. చాలా ఇళ్ళలో భోజనం వేళ టీవీ వార్తలు నడుస్తాయి. ప్రభుత్వ చానల్ వార్తలు మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి వస్తాయి. మధ్యాహ్నం అర్థం కాని వార్తే రాత్రి మళ్ళీ వినిపిస్తుంది. చివర్లో వచ్చే వాతావరణాన్ని అస్సలు వదలొద్దు. రోజూ అవే మాటలు, అదే వరస. నేను ఉన్న ఇంటావిడ వాతావరణం చెబుతున్నంతసేపూ ఎవర్నీ నోరు మెదపనిచ్చేది కాదు. అయిపోయాక మాత్రం ఆ అంచనా ఎందుకు తప్పో పావుగంట వివరించేది. నాకు భవిష్యత్ కాలం వచ్చింది ఆవిడ పుణ్యాన!

ఇంటివాళ్ళకి మొదటి రాత్రే ఒక మాట చెప్పండి: నేను మాట్లాడేటప్పుడు భూతకాలం ఒక్కటే సరిదిద్దండి, మిగతావి వదిలేయండి. ప్రతి తప్పూ దిద్దితే కబుర్లు ఆగిపోతాయి, ఏదీ దిద్దకపోతే మీ తప్పులు గట్టిపడతాయి. భూతకాలమే ఎందుకంటే, ఏ2 నుంచి తర్వాతి మెట్టు బీ1కి వెళ్ళేవాళ్ళని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. జరిగి ముగిసిన పనికి ఒక రూపం, అప్పట్లో ఉన్న పరిస్థితికి ఇంకో రూపం. పుస్తకంలో ఎన్ని పట్టికలు చూసినా ఆ తేడా నోటికి పట్టదు. రాత్రి భోజనం దగ్గర ఆ రోజు ఏం జరిగిందో రోజూ చెప్పండి. రెండు రూపాలూ ఆ కథలోనే కలిసి వస్తాయి.

ఊళ్ళో రోజూ ఒకే చోటికి, ఒకే వేళకి వెళ్ళండి. ఊరి ప్రధాన కూడలి ప్లాసా మయోర్ పక్కనే పాత మార్కెట్ ఉంది. మధ్యాహ్నాలు మూసేస్తారు కాబట్టి క్లాసు అవగానే వెళ్ళండి. ఒకే పళ్ళ కొట్టు ఎంచుకోండి. మొదట్లో ధర తప్ప మాట ఉండదు. కొన్నాళ్ళకి ఏ ఊరని అడుగుతారు, ఆ తర్వాత నిన్నెందుకు రాలేదని అడుగుతారు. అక్కడ చాలామంది వరసగా నిలబడరు. కొత్తగా వచ్చినవాళ్ళు ‘కియేన్ ఎస్ ఎల్ ఉల్తిమో?’ అని, అంటే చివర ఎవరున్నారని అడుగుతారు. మీరూ అడగాలి, మీ తర్వాత వచ్చినవాళ్ళకి ‘యో’ (నేను) అని జవాబూ చెప్పాలి. మొహమాటపడితే వంతు పోతుంది. ఇంతకంటే మంచి మాట్లాడే పరీక్ష ఏ స్కూలూ పెట్టలేదు. ఎవరైనా ఇంగ్లీషులోకి మారితే మీరు మారకండి, నవ్వుతూ స్పానిష్‌లోనే కొనసాగించండి.

జులైలో స్థానిక విద్యార్థులు చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటారు. అందుకని పెద్దవాళ్ళని వెతుక్కోండి. ఎండ తగ్గాక బెంచీల మీదికి చేరతారు, వాళ్ళకి తీరిక ఉంటుంది. యూనివర్సిటీ గోడ మీద చెక్కిన కప్ప ఎక్కడుందని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న ప్రతి టూరిస్టూ అడిగేదే, వేలు చూపించి ఊరుకుంటారు.

ప్రతి శనివారం మాడ్రిడ్, సెగోవియా అని తిరగొద్దు. ఒకసారి బస్సెక్కి దగ్గర్లోని ఆల్బా దె తోర్మెస్ వెళ్ళి రండి. 1582లో స్పానిష్ సన్యాసిని సెయింట్ తెరేసా కన్నుమూసిన చిన్న ఊరు అది. అక్కడ స్పానిష్ తప్ప మీకు దిక్కు ఉండదు, మనకి కావలసిందీ అదే.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. స్పానిష్ ప, త, క అక్షరాలు దాదాపు మన ప, త, కలే. ఇంగ్లీషు అలవాటుతో ‘ట’ పలకకండి. ఈ ఒక్కచోట మీ క్లాసులోని ఇంగ్లీషువాళ్ళకంటే మీరే ముందుంటారు.

ప్రశ్న: సలమాంకా కన్నా బార్సిలోనా బాగుంటుందంటున్నారు. నిజమేనా?

జవాబు: చూడటానికి బాగుంటుంది. అక్కడ కాతలాన్ కూడా అధికార భాష. స్పానిష్ అందరికీ వచ్చు, కానీ వీధి బోర్డులు చాలావరకు కాతలాన్‌లో ఉంటాయి, చుట్టుపక్కల వాళ్ళ మాటల్లోనూ అది వినిపిస్తుంది. దానికి తోడు టూరిస్టుల ఇంగ్లీషు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను. దక్షిణ స్పెయిన్‌లో గ్రనాదా, కాదిస్ వైపు చాలామంది మాట చివరి ‘స్’ మింగేస్తారు. అక్కడికి రెండోసారి వెళ్ళండి, చెవి కాస్త పదునెక్కాక.

ప్రశ్న: స్పెయిన్ నా బడ్జెట్‌కి అందదు. గ్వాటెమాలాలో నేర్చుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. అక్కడి ఆంటిగ్వా అనే ఊళ్ళో ఒక టీచర్‌కి ఒకే విద్యార్థి పద్ధతి మామూలే, వెనక బెంచీలో దాక్కునే వీల్లేదు. కానీ ఆ ఊళ్ళో విదేశీయులు మరీ ఎక్కువ. చలికి భయపడకపోతే కెత్సాల్తెనాంగో చూడండి. సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, స్వెటర్ తప్పదు. ఒక్క జాగ్రత్త: టీచర్లు మీకోసం నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడతారు. వారానికి రెండు పూటలైనా టీచర్‌ని బజారుకి తీసుకెళ్ళమనండి, బేరం మీరే ఆడండి. లాటిన్ అమెరికాలో ‘వొసోత్రోస్’ (మీరంతా) వాడరు, ఆ క్రియారూపాల మీద ఇప్పుడు సమయం పెట్టకండి.

ప్రశ్న: తిరిగొచ్చాక సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుంది. ఏది రాయాలి?

జవాబు: ఎప్పటికీ చెల్లేది కావాలంటే దేలే (DELE) పరీక్ష. స్థాయి ముందే ఎంచుకుని రాయాలి, పాస్ లేదా ఫెయిల్. మీరు ఏ స్థాయిలో ఉన్నారో తెలిస్తే చాలనుకుంటే సియేలె (SIELE). దాని ఫలితం అయిదేళ్ళు చెల్లుతుంది. ఏదైనా సరే, ప్రయాణానికి ముందే తేదీ చూసుకుని ఫీజు కట్టేయండి. వచ్చాక చూద్దామనుకుంటే కట్టరు.