శాస్త్రవేత్త కవిత్వం కూడా రాస్తే రెండింట్లో ఏదో ఒకటి దెబ్బతింటుందా?

దెబ్బతినదు. ఈ ప్రశ్న ఎవరడిగినా జనం వెంటనే రెండు పడవల సామెత తీస్తారు. నాకది వింటేనే ఒళ్లు మండుతుంది. ఈజిప్టు కవి, శాస్త్రవేత్త అహ్మద్ జకీ అబూ షాదీ గురించి తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు.

ఆయన 1892లో కైరోలో పుట్టాడు. తండ్రి వకీలు. 1912లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లి బ్యాక్టీరియాల పనిలో దిగాడు, అక్కడే తేనెటీగల పిచ్చి పట్టింది. ఆ కాలంలో ఇంగ్లండులో ఏదో అంతుచిక్కని జబ్బుతో తేనెటీగలు పెట్టెలకు పెట్టెలే చచ్చిపోతున్నాయి. 1919లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ అనే ఊళ్లో తేనెటీగలు పెంచేవాళ్ల కోసం ఎపిస్ క్లబ్ పెట్టి, బీ వరల్డ్ పత్రిక మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ వస్తోంది. మైనం తెట్టె ఎండకి మెత్తబడుతుంది, తేనె తీసేటప్పుడు విరుగుతుంది. అందుకని అల్యూమినియంతో తెట్టె చేయించి పేటెంటు కూడా తీసుకున్నాడు.

1922లో ఇంగ్లిష్ భార్యతో ఈజిప్టు తిరిగొచ్చాడు. సూయజ్, పోర్ట్ సయీద్, అలెగ్జాండ్రియా, కైరో, ఎక్కడ ఉద్యోగమైతే అక్కడ పగలు ల్యాబు. మిగతా వేళల్లో కవితలు, ఒపెరాలకు పాటలు, తేనెటీగలకొక పత్రిక, కోళ్లకొక పత్రిక. 1932లో అపోలో అనే కవుల సంఘం, అదే పేరుతో పత్రిక. మహాకవి అహ్మద్ షౌకీని అధ్యక్షుణ్ని చేస్తే ఆయన కొద్దిరోజులకే పోయాడు. తర్వాత ఖలీల్ ముత్రాన్ వచ్చాడు. ట్యునీషియా కుర్రకవి అబుల్ ఖాసిమ్ షాబ్బీ ఈజిప్టు పాఠకులకి తెలిసింది ఎక్కువగా ఈ పత్రిక వల్లే. పాపం, షాబ్బీ 25 ఏళ్లకే పోయాడు.

ఇంత చేసిన మనిషిని సాహిత్యం వాళ్లు అపోలో దగ్గర, తేనెటీగల వాళ్లు బీ వరల్డ్ దగ్గర ఆపేస్తారు. చెరో సగం పంచుకున్నారు. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరగబోయింది.

మా మామగారు ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో పశువుల డాక్టరు. పద్యాలు రాసేవారు. ఆయన సంవత్సరీకం కూడా కాకముందే ఒక సాహిత్య సంస్థ తరఫున ఒకాయన వచ్చి, డాక్టరుగారి రచనలు భద్రపరుస్తామన్నాడు. మా వారు ట్రంకుపెట్టె తెచ్చి హాల్లో పెట్టారు. వచ్చినాయన చాప మీద కూర్చుని రెండు కుప్పలు పోయడం మొదలుపెట్టాడు. పద్యాల నోటుబుక్కులు ఇటు, టీకాల రిజిస్టర్లు అటు. "ఇవన్నీ ఆఫీసు కాగితాలమ్మా, పాత పేపర్లవాడికి వేసేయండి" అన్నాడు.

కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చి, పైనున్న రిజిస్టరు తిరగేశాను. ఒకవైపు గొంతువాపు టీకాల లెక్క: ఊరు, రైతు పేరు, ఎడ్లెన్ని, గేదెలెన్ని. ఒక వరుస చివర "చూడి ఆవు, వెళ్లేసరికి పోయింది" అని చిన్న అక్షరాల్లో ఉంది. కాగితం వెనక, అదే నీలం సిరాతో, ఆ ఆవు మీదే కంద పద్యం. మూడో పాదంలో గణం కుదరక కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశారు. వచ్చినాయనకి చూపించాను. "పద్యం మటుకు ఎత్తి రాసుకుందాం లెండి" అన్నాడు.

నేను కుప్పలు రెండూ కలిపేసి పెట్టె మూత వేసేశాను. మామగారి పద్యాలు అచ్చు కాకుండా అడ్డుపడ్డానని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. ఆ సంస్థవాళ్లు శాలువా కప్పే సభకి పెట్టే ఖర్చులో పదో వంతు పెడితే రిజిస్టర్లన్నీ స్కాన్ అయిపోతాయి. అది మాత్రం ఎవరూ చెయ్యరు.

అబూ షాదీ ఆ విషయంలో అదృష్టవంతుడు. 1946లో భార్య చనిపోయాక పిల్లలతో న్యూయార్క్ వెళ్లిపోయాడు. అక్కడ వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో పనిచేశాడు, 1955లో వాషింగ్టన్‌లో పోయాడు. ఇన్ని ఊళ్లు మారినా, సముద్రం దాటినా కాగితాలు ఇంట్లోవాళ్ల దగ్గర మిగిలాయి. చిత్రకారిణి అయిన మనవరాలు వాటిని పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చుంది. ఇప్పుడవి న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి అబుదాబిలో ఉన్న శాఖ లైబ్రరీలో ఉన్నాయి. కవితలూ తేనెటీగలూ ఒకే చోట. అబుదాబిలో ఉంటున్న మా తమ్ముడు చెబితేనే నాకీయన సంగతి తెలిసింది. "వదినకి పంపు, నీ పెట్టె లాంటి పెట్టే" అన్నాడు వాడు. వదినంటే మా ఆడపడుచే. పంపాను, జవాబు లేదు.

ఆయన మరీ ఎక్కువ రాశాడు, తొందరపడి రాశాడు అని అప్పటి విమర్శకులే అన్నారు. ఈజిప్టు కవి, విమర్శకుడు అక్కాద్ లాంటి ఉద్దండుడికి అపోలో వాళ్లంటే గిట్టేది కాదు. నాకు అరబిక్ రాదు. ఇంగ్లిష్ అనువాదాల్లో చదివినంతలో కొన్ని నాకూ చప్పగానే అనిపించాయి. కానీ అది చేతి దురద, ల్యాబుదేం తప్పు? ఆ ల్యాబుల్లోంచే 1942లో అలెగ్జాండ్రియా వైద్య కళాశాలలో ప్రొఫెసరయ్యాడు కదా. నిజంగా దెబ్బతిన్నదేమిటని అడిగితే, ఆయన జేబు. అపోలోకి సొంత డబ్బు పోస్తూ వచ్చాడు. 1934 చివరికల్లా అది మూతపడింది.