రాకెట్ ఎందుకు పోయిందని అడిగితే దేశద్రోహమా?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా సూళ్లూరుపేట. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 రాకెట్ విఫలమైన రోజు, మా మిద్దె మీది నుంచి తీసిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ‘ప్రజల డబ్బు కదా, నివేదిక బయటపెట్టండి’ అని రాశాను. షార్‌లో (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) కాంట్రాక్టు పనిచేసే మా బావమరిది చెప్పిన లోపలి సంగతి కూడా ఒకటి కలిపాను. రాకెట్ మోసుకెళ్లింది నిఘాకు పనికొచ్చే ఉపగ్రహమనీ, దేశద్రోహం కేసు తప్పదనీ తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: నివేదిక అడిగినందుకు భయం వద్దు. బావమరిది మాట రాసినందుకు కాస్త భయపడండి.

మీవాళ్లు చెబుతున్నది పాత భారత శిక్షాస్మృతిలోని దేశద్రోహం సెక్షన్, 124ఎ. 2022 మేలో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. ఆ శిక్షాస్మృతి బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ ఉంది. శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. పేరు మారినా కోరలు అలాగే ఉన్నాయన్నది నా అభిప్రాయం. అయితే వేర్పాటునో, సాయుధ తిరుగుబాటునో, విధ్వంసక చర్యలనో తెలిసి రెచ్చగొడితేనో, వేర్పాటు భావాలను ప్రోత్సహిస్తేనో, దేశ సార్వభౌమత్వానికీ సమైక్యతకూ ముప్పు తెస్తేనో అది వర్తిస్తుంది. ప్రభుత్వ చర్యను తప్పుపట్టి, చట్టబద్ధంగా మార్చమని కోరడం నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజే చండీగఢ్‌లో ఖలిస్తాన్ నినాదాలిచ్చినవారిని సైతం 1995లో సుప్రీంకోర్టు నిర్దోషులుగా వదిలేసింది. రాకెట్ మూడో దశ ఎందుకు మొరాయించిందని అడగడం దాని దరిదాపులకైనా రాదు.

ఫొటో సంగతీ అంతే. ప్రయోగం రోజున ఊరంతా మిద్దెలెక్కి చూసేదే కదా. నిషేధిత ప్రాంతం లోపలి ఫొటో అయితే వేరే మాట.

చిక్కంతా ఆ లోపలి సంగతిలోనే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం, రహస్య సమాచారం చెప్పినవారితోపాటు తెలిసి పుచ్చుకున్నవారూ చిక్కుకుంటారు. మూడేళ్ల వరకు జైలు. మీకు కేసు వచ్చినా రాకపోయినా, ముందు ఆయన ఉద్యోగం పోతుంది. ఆ వాక్యాన్ని ఈ రోజే తీసేయండి. ఒకవేళ ఈలోగా నోటీసు వస్తే మాత్రం పోస్టునూ ఫోనునూ ముట్టుకోకండి, సాక్ష్యం చెరిపారని ఇంకో కేసవుతుంది. స్టేషన్‌కు రమ్మని ఫోన్ వస్తే రాతపూర్వక నోటీసు ఇమ్మని మర్యాదగా అడగండి. వెళ్లేటప్పుడు వకీలును వెంట తీసుకెళ్లండి.

నివేదిక నిజంగా కావాలంటే పది రూపాయలు కట్టి అంతరిక్ష శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. భద్రత పేరిట ఎనిమిదో సెక్షన్ చూపి కాదనవచ్చు. అప్పుడు దాచాల్సింది దాచి మిగతాది ఇమ్మని పదో సెక్షన్ చూపి, 19వ సెక్షన్ కింద అప్పీలు చేయండి. దొరికిన కాగితాన్ని ఫేస్‌బుక్‌లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు, బావమరిదితో పనుండదు.