లేఆఫ్ అయ్యాక అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకోవడం తప్పా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు గ్రీన్ కార్డ్ ఉంది. రెండు వారాల క్రితం లేఆఫ్ అయ్యాను. కంపెనీ మీద ఏ క్లెయిమూ వేయనని సంతకం పెడితే 8 వారాల సెవరెన్స్ (ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) ఇస్తామన్నారు, పెట్టాను. అది అయిపోయేదాకా అన్‌ఎంప్లాయ్‌మెంట్ (ఉద్యోగం పోయినవారికి రాష్ట్రం ఇచ్చే భృతి) రాదని ఫ్రెండ్స్ అంటున్నారు. గవర్నమెంట్ ముందు చేయి చాచడం దేనికని మా ఆయన అంటున్నారు. ఈలోగా ఓ నెల విజయవాడ వెళ్లి అమ్మ దగ్గర ఉండాలనుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వారమే టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు (ఈ భృతి ఇచ్చే రాష్ట్ర సంస్థకు) అప్లై చేయండి. మీరు అప్లై చేసిన వారం ఆదివారం నుంచే క్లెయిమ్ మొదలవుతుంది. గడిచిన వారాలు మామూలుగా తిరిగి రావు.

మీవారికి ఒక్క మాట చెప్పండి. ఇది దానం కాదు, బీమా. మీరు పనిచేసినన్నాళ్లూ మీ కంపెనీ ఇందుకోసం రాష్ట్రానికి పన్ను కట్టింది. కారుకు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయడానికి ఎవరమూ సిగ్గుపడం కదా.

సెవరెన్స్ విషయంలో మీ ఫ్రెండ్స్ చెప్పింది సగమే నిజం. టెక్సస్‌లో మామూలు సెవరెన్స్, నోటీసు బదులు ఇచ్చే జీతం బెనిఫిట్‌ను వెనక్కి నెడతాయి. కానీ కంపెనీ మీద క్లెయిములు వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకుని ఇచ్చిన డబ్బును అక్కడి చట్టం సెవరెన్స్‌గా లెక్కించదు. అలాగని దాచొద్దు. అప్లికేషన్‌లో చెప్పండి, అగ్రిమెంట్ కాపీ దగ్గర పెట్టుకోండి, నిర్ణయం వాళ్లే తీసుకుంటారు.

ఎంత వస్తుందంటే, గడిచిన 5 పూర్తి త్రైమాసికాల్లో మొదటి 4 చూస్తారు. వాటిలో ఎక్కువ జీతం వచ్చిన త్రైమాసికం జీతాన్ని 25తో భాగిస్తే వారానికి ఎంతో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ జీతమైతే గరిష్ఠ పరిమితి తగులుతుంది. అది వారానికి 600 డాలర్ల అటూ ఇటూ, గరిష్ఠంగా 26 వారాలు. మొదటి వారం వెయిటింగ్ వీక్, దాని డబ్బు వెంటనే రాదు. దీని మీద ఫెడరల్ టాక్స్ ఉంది కాబట్టి 10 శాతం ముందే పట్టుకోమని ఎంచుకోండి. లేకపోతే ఏప్రిల్‌లో టాక్స్ కట్టేటప్పుడు టెన్షన్.

అప్రూవ్ అయ్యాకే చాలామంది జారిపోతారు. రెండు వారాలకోసారి పేమెంట్ రిక్వెస్ట్ పెట్టాలి. రాష్ట్ర ఉద్యోగాల వెబ్‌సైట్ వర్క్‌ఇన్‌టెక్సస్‌లో రిజిస్టర్ అవ్వాలి. వారానికి కనీసం ఎన్ని ఉద్యోగ ప్రయత్నాలు చేయాలో మీ కౌంటీని బట్టి చెబుతారు. ఏ తేదీన, ఏ కంపెనీకి, ఏ ఉద్యోగానికి, ఎలా అప్లై చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎప్పుడైనా అడగవచ్చు. తెలిసినవాళ్ల కన్సల్టెన్సీలో నాలుగు గంటలు పనిచేసినా, చేసిన వారంలోనే చెప్పాలి, డబ్బు ఎప్పుడు చేతికొచ్చినా సరే. దాచితే తీసుకున్నదంతా కట్టడమే కాదు, పైన 15 శాతం పెనాల్టీ కూడా.

ఒకవేళ కాదన్నారనుకోండి, అప్పీల్‌కు 14 రోజులే గడువు. అది ఉత్తరం మీకు అందిన రోజు నుంచి కాదు, వాళ్లు పోస్ట్ చేసిన తేదీ నుంచి. అప్పీల్ నడుస్తున్నా పేమెంట్ రిక్వెస్ట్ మాత్రం ఆపొద్దు. ఆపితే గెలిచినా ఆ వారాల డబ్బు పోతుంది. హెచ్‌1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి మాత్రం అన్‌ఎంప్లాయ్‌మెంట్ మామూలుగా రాదు.

ఇక విజయవాడ. అమ్మను చూడాలనిపించడం ఎంత సహజమో నాకు తెలుసు, వెళ్లండి. కానీ ఇండియాలో ఉన్న వారాలకు బెనిఫిట్ రాదు, ఎందుకంటే రేపు ఉద్యోగం వస్తే చేరడానికి మీరు ఇక్కడ ఉండరు. అక్కడి నుంచి లాగిన్ అయి ‘పనికి సిద్ధంగా ఉన్నాను’ అని నొక్కడం మాత్రం అస్సలు చేయొద్దు, అలా నొక్కమని మీవారికి కూడా చెప్పొద్దు. ఆ వారాలు వదిలేయండి, మీ బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు. క్లెయిమ్ మొదలైన నాటి నుంచి ఏడాది లోపు వాడుకోవచ్చు. తిరిగొచ్చాక క్లెయిమ్‌ను రీఓపెన్ చేయించుకోండి.