పోలీస్ భర్తీకి పరుగు మొదలుపెట్టాను... కాలి ఎముక నొప్పి, ఆయాసం. ఆపేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 22 ఏళ్లు. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక పోలీస్ భర్తీకి తయారవుతున్నాను. మా ఇంట్లో గ్రౌండ్‌కు పోయి ఉరికిన మొదటి మనిషిని నేనే. ఏది అడగాలన్నా చెప్పేవాళ్లు లేరు. రోజూ పొద్దున తారు రోడ్డు మీద ఉరుకుతున్నాను. నెల కాకముందే రెండు కాళ్లకూ మోకాలి కింద, లోపలి వైపు బొక్క నొప్పి మొదలైంది. "నొప్పి మీదనే ఉరుకు, అదే పోతది" అంటున్నారు గ్రౌండ్‌లో అన్నలు. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీ వేసుకుని పోతున్నాను. 800 మీటర్లు పూర్తి కాకముందే ఆయాసం, డొక్కలో పోటు. పోయిన నెల పీరియడ్ రాలేదు, పెళ్లి కాలేదు. మా మేనమామ కొడుకుకు సికిల్ సెల్ ఉంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక సోదరి, సిరోంచ తాలూకా

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కగా అడిగిన దాని దగ్గరే మొదలుపెడతాను. సంబంధం ఉండొచ్చు. కాలి నొప్పి కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. అది రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యువులు రావాలి. మీ మేనమామ కొడుక్కి జబ్బు ఉందంటే మీ మేనమామలో ఆ జన్యువు ఒకటైనా ఉన్నట్టే. మేనమామలో ఉందంటే ఆయన తోబుట్టువైన మీ అమ్మగారిలో ఉండే అవకాశం కనీసం సగానికి సగం. ఆమెలో ఉంటే మీకు వచ్చి ఉండొచ్చు, రాకపోనూవచ్చు. పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు ఇది ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించినా మిగతావాళ్లలోనూ ఉంది. అందుకే "మా కులంలో ఉండదు" అన్న మాట నమ్మకండి.

పరీక్షకు ఖర్చు లేదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద, ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మీ ఊరి ఆశా తాయిని (ఆశా కార్యకర్తను) అడగండి, లేదా సిరోంచ గ్రామీణ రుగ్ణాలయానికి (ప్రభుత్వ ఆస్పత్రికి) వెళ్లండి. ముందు ఒక చిన్న పరీక్ష చేస్తారు. అందులో పాజిటివ్ వస్తే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ అనే రెండో పరీక్షతో జబ్బు ఉందా, కేవలం వాహకులా అన్నది తేలుస్తారు. ఆ రెండో రిపోర్టు వచ్చేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు.

ఒక్క జన్యువే ఉంటే మీరు వాహకులు మాత్రమే, రోగి కాదు. పరుగెత్తొచ్చు, భర్తీకి తయారవ్వొచ్చు. కాకపోతే జాగ్రత్త కావాలి. వాహకుల్లో ప్రమాదం జరిగేది ఎక్కువగా ఇలాంటప్పుడే: ఎండలో, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, అలవాటు లేని ఒళ్లుతో, మధ్యలో సరైన విశ్రాంతి లేకుండా ఒకటి తర్వాత ఒకటిగా ప్రాణం పెట్టి టైమింగ్ పరుగులు తీసినప్పుడు. కొత్తవాళ్లు మొదటి నెలలోనే చేసే పని సరిగ్గా ఇదే. తొడలు, పిక్కలు ఉన్నట్టుండి బలం లేకుండా అయిపోయి, నిలబడలేక కూలబడితే దాన్ని మామూలు అలసట అనుకుని "లే, లే" అని లేపి ఉరికించకూడదు. పరుగు అక్కడితో ఆపాలి, నీడకు చేర్చాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీతో ఉరికేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఇంకొక మాట, పెద్దవాడిగా చెబుతున్నాను. మన ఇళ్లల్లో మేనరికం మాట ఎప్పుడైనా రావచ్చు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరు వాహకులు, ఇంకొకరు రోగి అయితే అది సగానికి పెరుగుతుంది. లగ్గం మాట అనుకునే ముందు రెండు వైపులా రక్తం చూపించుకోవాలి. ఆ మాట అనడానికి మొహమాటపడకండి.

ఇక కాలి నొప్పి. పొద్దున పరుగుకు పోకముందు మంచం అంచున కూర్చుని ఒక కాలు రెండో మోకాలి మీద వేసుకోండి. చీలమండ లోపలి గుబ్బ దగ్గర మొదలుపెట్టి, ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో నొక్కుతూ పైకి పోండి. మూడు నాలుగు వేళ్ల వెడల్పు మేర, ఇంకా ఎక్కువ మేర, అంచంతా సలుపుతుంటే, పరుగు మొదట్లో నొప్పి ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి కాలి ఎముక అంచు వెంబడి వచ్చే నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. కొత్తగా పరుగెత్తేవాళ్లలో తరచూ చూసేది ఇదే. అలా కాకుండా వేలి కొనంత చోట ఒక్కచోటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, ఆ కాలి మీద ఒక్కసారి గెంతినా ఓర్చుకోలేకపోతే, రాత్రి పడుకున్నా సలిపితే ఎముకలో సన్న పగులు వచ్చిందేమో అని అనుమానించాలి. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది, ఏం లేదు" అని పంపేస్తే అంతటితో ఊరుకోవద్దు. ఎంఆర్ఐలో తెలుస్తుంది. దాని కోసం గడ్చిరోలి దాకానో, నది దాటి ఇవతల తెలంగాణలోని పెద్ద ఊళ్లకో రావడం మీ ఇంట్లో కుదరకపోతే, పగులు ఉన్నట్టే లెక్కేసుకుని ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు పూర్తిగా మానేయడమే మేలు.

నొప్పి మీదనే ఉరకమన్న అన్నల మాట ఎందుకు తప్పో చెబుతాను. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఊపిరి, గుండె పుంజుకుంటాయి. ఎముకకు అంత తొందర లేదు. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తన పాత పదార్థాన్ని తొలగించుకుని, ఆ తర్వాత గట్టిది వేసుకుంటుంది. పాత గోడ తీసి కొత్తది కట్టే మధ్యలో ఇల్లు కొన్నాళ్లు బలహీనంగా ఉన్నట్టే, ఈ మధ్య వారాల్లో ఎముక మామూలుకంటే బలహీనం. మీ నొప్పి సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది.

ఆ గోలీ ఇవాళే ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని పరుగెత్తితే నొప్పి తెలియదు, దెబ్బ మాత్రం పెరుగుతుంది. పైగా ఖాళీ కడుపున, చెమటతో ఒళ్లు ఎండినప్పుడు అవి కడుపుకూ కిడ్నీలకూ మంచివి కావు. బాగా నొప్పిగా ఉన్న చోట గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి, రోజుకు రెండు మూడుసార్లు.

పగులు అనుమానం లేదనుకుంటే రెండు వారాలు పరుగు ఆపి, నొప్పి లేనంత నడవండి. ఇంటి మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి నెమ్మదిగా దించండి. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, ఒకసారి మోకాలు నిటారుగా, ఇంకోసారి కొద్దిగా వంచి. పిక్కలు గట్టిపడితే ఎముక మీద భారం తగ్గుతుంది. చకచకా నడిచినా, ఒంటికాలి మీద గెంతినా నొప్పి రాని రోజున మట్టి గ్రౌండ్‌లో మళ్లీ మొదలుపెట్టండి. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాల నడక, అలా అరగంట, రోజు విడిచి రోజు. పెద్ద అంగలు వేయకుండా చిన్న చిన్న అడుగులు వేయండి. వారం వారం పరుగు నిమిషాలు కొద్దికొద్దిగా పెంచండి. మొదటి ఆరు వారాలు స్టాప్‌వాచ్ ముట్టుకోవద్దు. 800 మీటర్ల టైమింగ్ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ లోపు గోళాఫేక్ (షాట్‌పుట్) ప్రాక్టీస్ ఆపాల్సిన పని లేదు. బూట్ల గురించి అంత టెన్షన్ వద్దు. అడుగు అరిగిపోనివి, వేళ్లు ఇరుక్కోనివి అయితే చాలు.

డొక్కలో పోటు చాలావరకు తిన్న వెంటనే ఉరకడం వల్లా, గటగటా నీళ్లు తాగి బయలుదేరడం వల్లా వస్తుంది. భోజనానికీ పరుగుకూ రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ఆయాసానికి కొంత కారణం మీరు కొత్త కావడమే. కానీ రక్తం తక్కువుందేమో చూడకుండా అలా అని తేల్చేయలేను. సికిల్ సెల్ పరీక్షకు వెళ్లినప్పుడే హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. 10 లోపు ఉంటే అది పెరిగేదాకా నడకతో సరిపెట్టుకోండి. ఐరన్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చూడకుండా ఐరన్ వేసుకోకూడదు. రక్తం తక్కువని తేలి మాత్ర రాసిస్తే నిమ్మరసంతో వేసుకోండి. మాత్ర దగ్గరా, భోజనం దగ్గరా గంటసేపు చాయ్ వద్దు.

పీరియడ్ ఒక నెల తప్పితే భయపడక్కర్లేదు. కొత్త కష్టం, తిండి తగ్గడం, ఆందోళన, వీటితో అలా జరుగుతుంది. ఏ కారణం చేతైనా గర్భానికి అవకాశం ఉంటే మాత్రం ముందు ఆ పరీక్ష చేసుకోండి. ఇందులో మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. వరుసగా మూడు నెలలు రాకపోతే తప్పక డాక్టరుకు చూపించుకోండి. పరుగుకు సరిపడా తినకపోతే ముందు పీరియడ్ ఆగుతుంది, వెనకే ఎముక పలచబడుతుంది. బరువు తగ్గితే వేగం వస్తుందని చాలామంది ఆడపిల్లలు భర్తీ ముందు పూట పూట కడుపు మాడ్చుకుంటారు. అది చూస్తే బాధేస్తుంది. ఖాళీ చాయ్‌తో గ్రౌండ్‌కు పోవద్దు. అరగంట ముందు ఒక అరటిపండు, వచ్చాక గుడ్లో, పల్లీలు బెల్లమో, పప్పుతో జొన్న రొట్టో కడుపునిండా తినండి. చేపలు దొరికిన రోజు వదలకండి.

ఎండలు ముదిరాక మీ వైపు వేడి 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు సూర్యుడు రాకముందే ముగించాలి. చెమట ఎక్కువ పట్టిన రోజు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి తాగండి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో కలపడం వద్దు.

పరుగెత్తకపోయినా కాళ్లూ చేతులూ నడుమూ ఒక్కసారిగా విపరీతంగా నొప్పి పెట్టినా, జ్వరం తోడైనా, కళ్లు పచ్చబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూత్రం చాయ్ రంగులోకి మారినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా రుగ్ణాలయానికి వెళ్లి, ఇంట్లో సికిల్ సెల్ ఉందని మొదటి మాటగా చెప్పండి. రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్ అంకె, సికిల్ సెల్ రెండో పరీక్ష ఫలితం, వేలితో నొక్కినప్పుడు నొప్పి ఎక్కడ ఎంత మేర ఉందో రాసి పంపండి. భర్తీ తేదీ కూడా రాయండి, పరుగు ఎలా పెంచుకోవాలో దాన్ని బట్టి చెబుతాను.